నెల్లూరు నుంచి అండమాన్ లోతు నీళ్ళకు: చార్టర్ బోటు మీద ఐదు రోజుల గాలం వేటకు సమగ్ర మార్గదర్శి

మైపాడు ఒడ్డునో, కొత్తపట్నం ఇసుక మీదో, పాకల తీరంలోనో గాలం వేసి చెయ్యి తిరిగినవాళ్ళు చాలామందికి ఒక్కసారైనా లోతు నీళ్ళలో పెద్ద చేపను పట్టాలని ఉంటుంది. మనకు దగ్గర్లో దానికి తగిన చోటు అండమాన్. చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు విమానం. అయితే మన తీరంలో నేర్చిన గాలం అక్కడ సగమే పనికొస్తుంది. మనది ఇసుక నేల, ఒడ్డు దగ్గర మట్టి కలిసిన నీళ్ళు, చేపకు దాక్కునే రాయి తక్కువ. అక్కడ పగడపు దిబ్బ అంచు దాటగానే లోతు గబగబా పడిపోతుంది. గాలానికి చిక్కిన జెయింట్ ట్రెవల్లీ, మన రేవుల్లో పార అంటామే ఆ జాతిలోకెల్లా పెద్దది, మొదటి పదిహేను సెకన్లలోనే రాతి కిందికి దూరాలని చూస్తుంది. గాలం వాళ్ళంతా దాన్ని జీటీ అంటారు. అంతర్జాతీయ గాలం వేట సంఘం దగ్గరున్న రికార్డు చేప బరువు 72.8 కిలోలు, 2006లో జపాన్‌లో పడింది. అండమాన్‌లో 20, 30 కిలోల చేప తగులుతుందన్న లెక్కతోనే సరంజామా సిద్ధం చేసుకోవాలి.

రేవు వదిలాక దుకాణం ఉండదు. కొక్కేన్ని ఎరకు తగిలించే స్ప్లిట్ రింగు తెరుచుకున్నా, ముడి జారినా, దారం చుట్టే రీలు పట్టేసినా ఆ రోజు అక్కడితో అయిపోయినట్టే. అందుకే ఇందులో ఎక్కువ భాగం రేవు చేరకముందు చేయాల్సిన పనుల గురించే ఉంటుంది.

తేదీ ఎంచుకోవడం

అండమాన్‌కు నైరుతి రుతుపవనాలు మే మూడో వారానికల్లా చేరతాయి. అక్కడి నుంచి సెప్టెంబరు దాకా సముద్రం చిన్న పడవకు అనుకూలంగా ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం. జనవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి రెండు వారాల దాకా నీళ్ళు తేటగా, గాలి తక్కువగా ఉంటాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ లోపే ముగించుకోవడం మంచిది. సంక్రాంతి సెలవుల్లో వెళ్దామని చాలామందికి ఉంటుంది. టికెట్లు ప్రియంగా ఉండడమే కాదు, ఈశాన్య గాలి అప్పటికి పూర్తిగా తగ్గకపోవచ్చు కూడా.

నెల కుదిరాక తిథి చూడాలి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటుపాట్లు బాగా పెరిగి నీటి లాగుడు గట్టిగా ఉంటుంది. జీటీ దిబ్బ మూల మీదికి వచ్చి వేటాడేది అప్పుడే. కానీ అదే లాగుడులో 80 మీటర్ల అడుగుకు జిగ్ (లోతుకు దించి ఎగరేసే బరువైన లోహపు ఎర) దించడం కష్టం, దారం వాలిపోతుంది. అష్టమి దాటిన ఒకటి రెండు రోజుల్లో లాగుడు మందగిస్తుంది, అది జిగ్ వేటకు బాగుంటుంది. ఐదు రోజుల ట్రిప్పుకు మా సలహా ఏకాదశి నాడు మొదలుపెట్టి పౌర్ణమికో అమావాస్యకో ముగించమని. మొదటి రెండు రోజులు లోతులో జిగ్, చివరి మూడు రోజులు దిబ్బల మీద పాపర్ (నీటి మీద తేలుతూ చప్పుడు చేసే ఎర). చేతులు కూడా ఈ వరుసకు మెల్లగా అలవాటు పడతాయి.

పడవ యజమానిని అడగాల్సినవి

పడవలు రెండు రకాలు. ఒకటి ఉదయం వెళ్ళి సాయంత్రం రేవుకు తిరిగొచ్చేది, సాధారణంగా 24 నుంచి 36 అడుగుల ఫైబర్ బోటు. రెండోది రాత్రిళ్ళు మీదే పడుకునే పెద్ద పడవ. దూరపు దిబ్బలకు వెళ్ళాలంటే రెండోదే కావాలి. లేదా మొదటి రకం పడవకు రాత్రి ఆగే ద్వీపం ఒకటి ముందే ఖాయమై ఉండాలి.

మొదటి ప్రశ్న ఇంధనం గురించి అడగండి. గంటకు 40 కిలోమీటర్లు నడిచి, రెండు ఇంజిన్లకు కలిపి గంటకు 70 లీటర్లు తాగే పడవ అనుకుందాం. పోర్ట్ బ్లెయిర్ నుంచి బారెన్ ఐలాండ్ సుమారు 140 కిలోమీటర్లు, అంటే మూడున్నర గంటలు, 245 లీటర్లు. తిరిగి రావడానికీ అంతే. సముద్రంలో పాటించే లెక్క మూడింట ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి, ఒక వంతు చేతిలో. ఈ లెక్కన 735 లీటర్లు కావాలి, అక్కడ తిరుగుతూ వేటాడే ఇంధనం దీనికి అదనం. యజమాని 500 లీటర్ల ట్యాంకు చూపించి సరిపోతుందంటే ఆ ప్రయాణం ఒప్పుకోవద్దు. బారెన్ ఐలాండ్ మన దేశంలో రగులుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం, అక్కడ నేల మీద దిగనివ్వరు. అటు వెళ్ళే పడవకు అనుమతి కాగితం ఉందా అని కళ్ళతో చూసి మరీ బయానా ఇవ్వండి.

రెండో ప్రశ్న ఎంతమంది గాలం వేస్తారని. 30 అడుగుల పడవ మీద ఒకేసారి పాపర్ విసరగలిగేది ఇద్దరు, ముందు ఒకరు, వెనక ఒకరు. నలుగురు ఉంటే వంతులు వేసుకోవాలి. ఆరుగురిని ఎక్కిస్తామంటే 150 గ్రాముల కొయ్య పాపరు మూడేసి ముళ్ళ కొక్కేలతో ఎవరో ఒకరి చెవి పక్కనుంచి పోతూనే ఉంటుంది.

ఇక తప్పకుండా ఉండాల్సినవి: మనిషికో లైఫ్ జాకెట్, వీహెచ్ఎఫ్ రేడియో, జీపీఎస్, లోతు చూపే ఎకో సౌండర్, ఆపద సంకేతం పంపే పరికరం, అగ్నిమాపక సిలిండరు, బోల్టు కట్టర్. చివరిది ఎందుకంటే పెద్ద కొక్కెం చేతిలో దిగితే మామూలు ప్లయర్ దాన్ని తెంపలేదు. సముద్రం బాగాలేక పడవ కదలకపోతే డబ్బు సంగతేమిటి, పోయిన లూర్‌కు (నకిలీ ఎరకు) ఎంత కట్టాలి, అద్దె రాడ్ విరిగితే ఎవరిది భారం, గేమ్ ఫిషింగ్ లైసెన్సు రుసుము ప్యాకేజీలో ఉందా అన్నవి వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో మాట రేవులో గుర్తుండదు.

కాగితాలు, హద్దులు

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురం అయింది, హావ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్. టికెట్లలో, పడవ కాగితాల్లో రెండు పేర్లూ కనిపిస్తాయి, కంగారు పడొద్దు. భారతీయులకు ఈ రెండు చోట్లకూ గుర్తింపు కార్డు చాలు. గిరిజన రక్షిత ప్రాంతాల సంగతి వేరు. నార్త్ సెంటినెల్ చుట్టూ ఐదు నాటికల్ మైళ్ళ దాకా ఎవరూ వెళ్ళకూడదు, జారవాల తీరం కూడా నిషిద్ధమే, నికోబార్‌కు ప్రత్యేక పాస్ కావాలి. వండూర్ దగ్గరి మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కులో, రిచీస్ ద్వీపసముదాయంలోని రాణీ ఝాన్సీ పార్కులో గాలం వేయకూడదు. పడవ నడిపే సరంగు ‘ఏం కాదులే’ అన్నా మీరు వద్దనండి. కేసు పడవ మీద ఉన్న అందరికీ చుట్టుకుంటుంది.

శాటిలైట్ ఫోన్ తీసుకెళ్ళొద్దు. టెలికాం శాఖ అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడం నేరం, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. విదేశాల్లో ఉన్న బంధువులు ఇచ్చిన శాటిలైట్ మెసెంజర్లకూ ఇదే వర్తిస్తుంది.

సరంజామా

పాపర్ సెట్టు. ఏడున్నర నుంచి ఎనిమిది అడుగుల రాడ్, దారం రేటింగ్ పీఈ 8 నుంచి 10 (పీఈ అంటే దారం మందాన్ని చెప్పే అంకె). రీలు 14000 లేదా 18000 సైజు స్పిన్నింగ్. పీఈ 8 బ్రెయిడ్ (అల్లిన దారం) 300 మీటర్లు, కంపెనీని బట్టి దాని బలం 40 నుంచి 50 కిలోలు. లీడరు, అంటే బ్రెయిడ్‌కూ లూర్‌కూ మధ్య కట్టే మందపాటి దారం, 150 నుంచి 200 పౌండ్ల నైలాన్. పాపర్లు 100 నుంచి 200 గ్రాములవి నాలుగు, నీటి పై పొరలో ఈదే స్టిక్‌బెయిట్లు 80 నుంచి 150 గ్రాములవి నాలుగు. కంపెనీ బిగించి ఇచ్చిన కొక్కేలు, రింగులు చాలా లూర్లకు పనికిరావు. 200 పౌండ్ల స్ప్లిట్ రింగులు, 7/0 నుంచి 9/0 దాకా ఒంటి కొక్కేలు మార్చుకోండి. కొక్కెం మార్చాక బకెట్ నీళ్ళలో వేసి చూడండి. బరువు తేడా వస్తే తేలాల్సిన పాపర్ తల కిందికి వాలుతుంది, అది శబ్దం చేయదు.

జిగ్ సెట్టు. ఐదున్నర నుంచి ఆరడుగుల పొట్టి రాడ్, పీఈ 4, రీలు 8000 లేదా 10000. బ్రెయిడ్ 400 మీటర్లకు తగ్గకుండా, ప్రతి పది మీటర్లకూ రంగు మారేది కొనండి, లోతు రంగులు లెక్కపెట్టి తెలుసుకోవచ్చు. మన రేవుల్లో లోతు బారల్లో చెబుతారు, ఒక బార సుమారు 1.8 మీటర్లు, కాబట్టి పది మీటర్ల రంగు ఒకటి దిగితే ఐదున్నర బారలు. లీడరు 80 నుంచి 120 పౌండ్ల ఫ్లోరోకార్బన్ ఐదు మీటర్లు. జిగ్ బరువుకు మొదటి అంచనా లోతు మీటర్లకు రెండున్నర రెట్లు గ్రాములు: 80 మీటర్లకు 200 గ్రాములు. లాగుడు పెరిగితే 300, 400. ప్రతి బరువులోనూ మూడేసి తీసుకెళ్ళండి, రాతికి పట్టి పోయేవి అవే.

ట్రోలింగు (నడిచే పడవ వెనక ఎర లాగే వేట) సెట్టు సొంతంగా మోయనక్కర్లేదు, చార్టర్ల వాళ్ళ దగ్గర ఉంటుంది. వంజరం, వాహూ చేపల పళ్ళకు మాత్రం నైలాన్ ఆగదు. తీగ లీడరు ఒక అడుగు ముక్కలు ఐదారు చుట్టి ఉంచుకోండి.

రాడ్ మీద దారం దూరిపోయే గైడ్ల లోపలి రింగుల్ని దూదితో తుడవండి. ఎక్కడైనా దూది పోగు పట్టుకుందంటే రింగులో కంటికి కనిపించని పగులు ఉన్నట్టు. పెద్ద చేప పరుగెత్తేటప్పుడు ఆ పగులు బ్రెయిడ్‌ను బ్లేడులా కోస్తుంది. ఇది రెండు నిమిషాల పని, చాలామంది చేయరు.

రీలుకు దారం చుట్టడం

బ్రెయిడ్‌ను వదులుగా చుడితే పెద్ద చేప లాగినప్పుడు పై పొర కింది పొరల్లోకి కూరుకుపోయి పట్టేస్తుంది, అక్కడే తెగుతుంది. సరిగ్గా చుట్టే తీరు ఇది. రీలులో దారం చుట్టుకునే స్పూలు మొదట్లో ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేయండి, లేకపోతే బ్రెయిడ్ మొత్తం స్పూలు మీద జారుతుంది. దారపు కండెను ఒకరు తడి తువ్వాలుతో గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు రాడ్‌కు రీలు బిగించి చుట్టాలి. దారం మీద కనీసం మూడు కిలోల లాగు ఉండాలి. పొడి గుడ్డతో పడితే వేడికి బ్రెయిడ్ పైపూత పోతుంది. స్పూలు అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు దిగువన ఆపేయండి. నిండా చుడితే విసిరినప్పుడు చుట్టలు చుట్టలుగా ఊడి గైడ్లలో ముడిపడుతుంది.

ఎఫ్‌జీ ముడి

బ్రెయిడ్‌కూ లీడరుకూ మధ్య ముడి గైడ్లలోంచి తడబడకుండా పోవాలి, బలమూ తగ్గకూడదు. అందుకు ఎఫ్‌జీ ముడి తప్ప వేరే దారి చూడొద్దు. నెల రోజుల ముందు నుంచి రోజుకొకటి కట్టండి.

1. బ్రెయిడ్‌ను బిగువుగా ఉంచాలి. కిటికీ గ్రిల్లుకు ఒక కొస కట్టి, రీలు వైపు రాడ్‌ను కాస్త వంచి నిలబెట్టడం తేలికైన పద్ధతి. చివర ఒక మీటరు మిగలాలి.
2. లీడరు కొసను బ్రెయిడ్ మీదుగా ఒకసారి, కిందుగా ఒకసారి, మార్చి మార్చి తిప్పండి. బ్రెయిడ్ లీడరు చుట్టూ అల్లుకుంటుంది. అటు పది, ఇటు పది, మొత్తం 20 నుంచి 24 చుట్లు. చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు, పక్కపక్కనే కూర్చోవాలి.
3. బ్రెయిడ్ కొసతో, లీడరునూ అసలు బ్రెయిడ్‌నూ కలిపి సగం ముడి ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి వేయండి.
4. తడి చేసి, గ్లవ్స్ వేసుకుని లీడరునూ బ్రెయిడ్‌నూ ఎదురెదురుగా శక్తికొద్దీ లాగండి. చుట్లు లీడరులోకి దిగబడి రంగు ముదురుతుంది. రంగు మారలేదంటే ముడి పట్టలేదు, కోసేసి మళ్ళీ కట్టాలి.
5. మరో నాలుగు సగం ముళ్ళు, అటూ ఇటూ మార్చి వేయండి. లీడరు కొసను రెండు మిల్లీమీటర్లు వదిలి కోసి, లైటరుతో కొద్దిగా కరిగించి గుండ్రం చేయండి. మంట బ్రెయిడ్‌కు తగిలితే మొత్తం పోయినట్టే, కొత్తది కట్టండి.
6. చివరగా ఒట్టి బ్రెయిడ్ మీదే ఆరు సగం ముళ్ళు వేసి ముగించండి. లీడరు మొన గైడ్లకు గీసుకోకుండా కాపాడేది ఈ తోకే.

ముడి జారిందంటే కారణం దాదాపు ఎప్పుడూ రెండిట్లో ఒకటి: రెండో మెట్టులో బ్రెయిడ్ వదులవడం, లేదా నాలుగో మెట్టులో చాలినంత లాగకపోవడం. ఊగే పడవ మీద, చెమట చేతులతో కట్టాల్సి వస్తుందని గుర్తుంచుకుని, ఇంట్లో పంకా కింద మూడు నిమిషాల్లో కట్టేదాకా సాధన చేయండి.

డ్రాగ్ కిలోల్లో కొలవాలి

‘గట్టిగా బిగించాను’ అనే మాటకు సముద్రంలో విలువ లేదు. డ్రాగ్ అంటే చేప లాగినప్పుడు దారాన్ని పట్టి పట్టి వదిలే రీలు బ్రేకు. అది దారం బలంలో నాలుగో వంతు దగ్గర ఉండాలి. 45 కిలోల దారానికి సుమారు 11 కిలోలు, పీఈ 4 అయితే ఆరేడు కిలోలు. స్ప్రింగు కాటా ఒకటి కొని వేపచెట్టుకో గేటుకో కట్టి, లీడరును దానికి తగిలించండి. రాడ్‌ను 45 డిగ్రీలు వంచి వెనక్కి నడవండి. రీలు నుంచి దారం జారడం మొదలైనప్పుడు కాటా చూపే అంకె మీ డ్రాగ్. పది కిలోల దగ్గర నాబ్ ఎక్కడుందో పెయింటుతో గుర్తు పెట్టుకోండి.

ఆ పది కిలోలు ఒంటికి ఎలా ఉంటాయో అదే చెట్టు దగ్గర తెలుస్తుంది. నడుముకు బెల్టు కట్టుకుని, మోకాళ్ళు కొద్దిగా వంచి, ఐదు నిమిషాలు ఆ లాగును భరించండి. రాడ్‌ను మాత్రం నిటారుగా ఎత్తొద్దు. 60 డిగ్రీలు దాటితే బరువంతా కొస మీద పడి అక్కడ విరుగుతుంది. పెద్ద రాడ్లు విరిగేది చాలా సందర్భాల్లో చేప పడవ పక్కకు వచ్చాక, ఆత్రంగా పైకెత్తినప్పుడే.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. దారం బయటికి పోయేకొద్దీ స్పూలు మీద చుట్ట సన్నబడుతుంది, అదే బిగింపుకు లాగు పెరుగుతుంది. చుట్ట వ్యాసం సగమైతే లాగు రెట్టింపు. నీటిలో ఉన్న దారపు ఒరిపిడి దీనికి అదనం. 150 మీటర్లు లాక్కుపోయిన చేపను ఆపాలని అప్పుడు డ్రాగ్ బిగించినవాళ్ళు చేపనూ లూర్‌నూ కలిపి పోగొట్టుకుంటారు.

విసరడం సాధన చేయడానికి మైపాడు గానీ కొత్తపట్నం గానీ చాలు. పాపర్ కొక్కేలు తీసేసి, పొద్దున్నే జనం లేని వేళ, ఒక పూటకు 50 సార్లు విసరండి. బ్రెయిడ్ చూపుడువేలిని కోస్తుంది, లెదరు తొడుగు వేసుకోండి. వెనక ఎవరున్నారో చూసి, నోటితో ‘వేస్తున్నా’ అని చెప్పి విసరడం ఇక్కడే అలవాటు కావాలి.

మూట, ప్రయాణం

దేశీయ విమానాల్లో సాధారణంగా చెకిన్ సామానుకు 15 కిలోలే. పన్నెండు జిగ్‌లు మూడు కిలోలు, లూర్లు కిలో పైన, రెండు రీళ్ళు దాదాపు రెండు కిలోలు, రాడ్ గొట్టం నాలుగైదు కిలోలు. బట్టలకు మిగిలేది నాలుగైదు కిలోలే. అదనపు బరువు ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కుంటే కౌంటరు దగ్గరకంటే తక్కువ పడుతుంది. రాడ్ గొట్టానికి ఖరీదైనది అక్కర్లేదు. ప్లంబింగు షాపులో నాలుగంగుళాల పీవీసీ పైపు రాడ్ కంటే అరడుగు ఎక్కువ కోయించి, ఒక వైపు మూత అతికించి, రెండో వైపు మరమూత పెట్టుకోండి. రెండు కొసల్లో స్పాంజి కుక్కండి. కొక్కేలు, ప్లయర్, కత్తి చెకిన్‌లో. పవర్ బ్యాంకు చేతి సంచిలో.

నెల్లూరు నుంచి చెన్నై సెంట్రల్‌కు రైలు మూడు గంటల లోపే, అక్కడి నుంచి మెట్రో నేరుగా విమానాశ్రయానికి వెళ్తుంది. కానీ అంత పొడవు పైపుతో మెట్రో ఇబ్బంది, కారే మేలు. ఒంగోలు వాళ్ళు ముందు రాత్రే బయల్దేరాలి. బోటు ఎక్కే రోజుకు ఒక రోజు ముందుగానే దిగండి, తిరుగు టికెట్‌కూ ఒక రోజు వెసులుబాటు ఉంచండి. అండమాన్‌లో ఐదు గంటలకే తెల్లవారుతుంది, సాయంత్రం ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది, కాబట్టి పడవలు ఐదున్నరకే కదులుతాయి. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడ్డారు, జంగ్లీఘాట్ చేపల రేవులో మన మాట వినిపిస్తుంది. నీళ్ళ సంగతి, గాలి సంగతి అక్కడి వేటగాళ్ళను ‘అన్నా, బయట ఎట్టుంది?’ అని అడిగితే ఏ యాప్ చెప్పని విషయం చెబుతారు.

యాప్‌లూ చూడాలి. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర స్థితి అంచనాలో అల ఎత్తుతో పాటు అలకూ అలకూ మధ్య సెకన్లు చూడండి. మీటరున్నర ఎత్తు పది సెకన్లకొకటి వస్తే పడవ మెల్లగా ఎక్కి దిగుతుంది. అదే ఎత్తు ఐదు సెకన్లకొకటి వస్తే నిలబడడమే కష్టం. రెండు మీటర్లు దాటితే 30 అడుగుల పడవ రేవులోనే ఉండాలి.

ఒళ్ళు, తిండి

వాంతులు ఎవరికైనా రావచ్చు, మొదటిసారి వెళ్ళేవాళ్ళకు మరీ. వాంతి మాత్ర ముందు రాత్రి ఒకటి, పడవ ఎక్కే గంట ముందు ఒకటి పనిచేస్తుంది. ఏ మాత్ర, ఎంత మోతాదు అన్నది మీ డాక్టరును అడగండి, కొన్నిటికి నిద్ర ముంచుకొస్తుంది. వాంతి మొదలయ్యాక మింగితే ఉపయోగం తక్కువ. ఆ ఉదయం కారం దోసె వద్దు, రెండు ఇడ్లీలో అరటిపండో చాలు, ఖాళీ కడుపు ఇంకా చెడ్డది. తిప్పుతున్నట్టు అనిపిస్తే కేబిన్‌లోకి వెళ్ళొద్దు, ఫోన్ చూడొద్దు, వెనక మధ్యలో నిలబడి దూరంగా నీళ్ళు ఆకాశం కలిసే గీతనే చూడండి. రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్ళు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు తప్పనిసరి. చింతపండు పులిహోర మొదటి రోజుకు నిలుస్తుంది, కొబ్బరి చట్నీ మధ్యాహ్నానికే పాడవుతుంది. తర్వాతి రోజులకు చెక్కలు, అరిసెలు, వేరుశనగ ఉండలు.

ధనుర్వాతం ఇంజెక్షను పదేళ్ళలో వేయించుకోకపోతే వెళ్ళేముందు వేయించుకోండి. పొడవు చేతుల చొక్కా, ముఖానికి గుడ్డ, పోలరైజ్డ్ కళ్ళజోడు అలంకారం కోసం కాదు. ఎదురుగా ఎగిరి వచ్చే లూర్ నుంచి కన్ను కాపాడేది ఆ అద్దమే.

పడవ మీద

ఎక్కగానే లైఫ్ జాకెట్లు, రేడియో ఎక్కడున్నాయో చూసుకోండి. ఆపద పిలుపు ఛానల్ 16, ఫోన్ సిగ్నల్ అందే చోట కోస్ట్ గార్డు నంబరు 1554. సరంగుకే ఒంట్లో బాగోకపోతే పడవ నడిపేదెవరని సూటిగా అడగండి.

పాపర్ వేట. దిబ్బ మీద అల విరిగే తెల్ల నురగ పక్కన, లాగుడు వచ్చి తగిలే మూల వైపు విసరాలి. రాడ్‌ను కిందికి ఒక్క ఊపు లాగితే పాపర్ నీటిని చిమ్మాలి, మిగిలిన వదులు చుట్టి ఒకటి రెండు సెకన్లు ఆగి మళ్ళీ లాగాలి. నీళ్ళు బద్దలైనట్టు చప్పుడు వినిపించగానే కొత్తవాళ్ళు రాడ్ పైకి లాగేస్తారు, లూర్ చేప నోటి ముందునుంచి ఎగిరిపోతుంది. చేతికి బరువు తెలిసేదాకా అదే వేగంతో చుడుతూ ఉండి, అప్పుడు నడుముతో పక్కకు రెండు మూడుసార్లు గట్టిగా గుంజాలి. ఆ తర్వాత మోకాళ్ళు పడవ అంచుకు ఆనించి రాడ్ దించి పట్టుకుని నిలబడడమే. సరంగు పడవను దిబ్బ నుంచి లోతు వైపు లాగుతాడు. దారం రాతికి ఒరుసుకుంటున్న గరగర చేతికి తెలిస్తే డ్రాగ్ వదులు చేసి ఆగండి. లాగు పోతే చేప తనంతట తానే బయటికి రావడం కద్దు. బిగించి లాగితే కచ్చితంగా తెగుతుంది. దారాన్ని చేతికి చుట్టుకుని లాగొద్దు, వేళ్ళు పోతాయి.

జిగ్ వేట. దారం వదిలేటప్పుడు రంగులు లెక్కపెట్టండి. సౌండర్ 80 మీటర్లు చూపిస్తూ ఆరో రంగు దగ్గరే దారం ఆగిపోయిందంటే జిగ్ దిగుతూ ఉండగానే చేప పట్టింది, వెంటనే బిగించి కొట్టాలి. అడుగు తగిలిన మరుక్షణం ఎత్తాలి, రెండు సెకన్లు ఆలస్యమైతే జిగ్ రాతికి పట్టుకుంటుంది. పదిహేను ఇరవై చుట్లు ఎత్తి మళ్ళీ దించండి. దారం 45 డిగ్రీల కంటే వాలితే బరువు జిగ్‌కు మారండి, లేదా పడవను మళ్ళీ పైవాటానికి తీసుకెళ్ళమనండి. డాగ్‌టూత్ ట్యూనా మొదటి పరుగు నేరుగా కిందికే ఉంటుంది, అప్పుడు ఆగడం తప్ప చుట్టే ప్రయత్నం చేయొద్దు. పట్టిన చేపల్ని సొర చేపలు వరసగా కొరుక్కుపోతుంటే ఆ చోటు వదిలేయండి, లేకపోతే చేపల్ని సొరలకు మేపుతున్నట్టే.

వదిలేయడం, ఉంచుకోవడం

జీటీని వదిలేయడమే మా మాట. ఏళ్ళ తరబడి పెరిగిన చేప అది, అక్కడి దిబ్బలకు దాని అవసరం ఉంది, తినడానికీ అంత రుచి కాదు. కొక్కేల ములుకులు ఇంటి దగ్గరే ప్లయర్‌తో నొక్కేయండి. తీయడం తేలిక, మీ చేతిలో దిగినా తేలికే. చేతులు తడి చేసుకుని, ఒక చెయ్యి తోక మొదట, ఒక చెయ్యి పొట్ట కింద పెట్టి అడ్డంగా పట్టుకోండి. మొప్పల్లో వేలు పెట్టి నిలువుగా వేలాడదీస్తే లోపలి అవయవాలు దెబ్బతింటాయి, ఈదుకుంటూ వెళ్ళినా తర్వాత చస్తుంది. చేపను నీటిలోంచి ఎత్తినప్పుడే మీరూ ఊపిరి బిగబట్టండి, మీకు ఊపిరాడనప్పుడు దానికీ ఆడదు. ఫోటో ఆ లోపే. లోతు నుంచి వచ్చిన బొంతలు, స్నాపర్లు గాలి తిత్తి ఉబ్బి పైకే తేలిపోతాయి, వాటిని బరువు కట్టిన దించుడు కొక్కెంతో 20, 30 మీటర్ల కిందికి దింపి వదలాలి.

తినడానికి చిన్న ట్యూనా, వంజరం ఉంచుకోండి. పట్టిన వెంటనే మొప్ప కోసి రక్తం కార్చి, రెండు వంతుల ఐసు, ఒక వంతు సముద్రపు నీళ్ళు కలిపిన డబ్బాలో ముంచాలి. ఎండలో వదిలిన ట్యూనాలో హిస్టమిన్ పేరుకుని దద్దుర్లు, తలనొప్పి తెస్తుంది, వండినా అది పోదు. దిబ్బ మీది పెద్ద బారకుడా, పెద్ద బొంత పులుసుకు ఆశపడొద్దు, వాటిలో సిగ్వటెరా విషం ఉండే అవకాశం ఉంది, అదీ వంటకు లొంగదు. తిమింగలపు సొర, రంపపు చేప, తాబేలు గాలానికి పొరపాటున తగిలితే లీడరు దగ్గరగా కోసి వదిలేయాలి, చట్టం అదే చెబుతుంది. పగడం ముక్క, గవ్వ కూడా సంచిలో వేసుకోవద్దు, విమానాశ్రయంలో సోదా చేస్తారు.

కొక్కెం చేతిలో దిగితే, కన్ను, మెడ, కీలు దగ్గరైతే కదపకుండా కట్టు కట్టి రేవుకు తిరగాలి. కండలో అయితే మొనను ముందుకే నెట్టి బయటికి తెచ్చి, బోల్టు కట్టర్‌తో మొన కోసి వెనక్కి తీయండి, కడిగి యాంటిసెప్టిక్ రాయండి. విషపు ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆ తర్వాత డాక్టరుకు చూపించాల్సిందే.

తిరిగి వచ్చాక

ఇంటికి చేరిన రోజే రీళ్ళు కడగాలి. డ్రాగ్ బిగించి, మంచినీటిని సన్నని ధారగా పోయండి. పైపు వేగంగా కొడితే ఉప్పు లోపలికి తోసుకుపోతుంది. తుడిచి, నీడలో ఆరబెట్టి, అప్పుడు డ్రాగ్ పూర్తిగా వదులు చేయండి, బిగించి దాచితే లోపలి వాషర్లు అణిగిపోతాయి. మన తీరంలో ఉప్పు గాలికి వారంలోనే కొక్కేలకు తుప్పు పడుతుంది, కాబట్టి లూర్లను గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, ఆరాక రింగులకు నూనె చుక్క వేయండి. వంగిన రింగులు, మొన మొద్దుబారిన కొక్కేలు పారేయండి. బ్రెయిడ్ మొదటి పది మీటర్లు వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది, అంతవరకూ కోసేసి, లీడరు కొత్తది కట్టి ఉంచండి.